సుబ్బరావమ్మ అందుకున్న అరటిపళ్ళు

చెప్పాల్సిన మాట చేదుగా ఉన్నప్పుడు ఉత్త చేతులతో వెళ్ళడానికి మనిషికి మొహం చెల్లదు. ప్రేమ్‌చంద్‌కీ చెల్లలేదు. బస్టాండు దగ్గర ఆగి అరడజను అరటిపళ్ళు కొన్నాడు. ఏళ్ళ తరబడి ఊరి కబడ్డీ జట్టును నడిపిస్తున్న మనిషి, తిరునాళ్ళ ముందు రోజుల్లో, ఆటగాడి ఇంటికి పళ్ళు పట్టుకెళ్తే ఏమవుతుందో తెలియనివాడా? బుద్ధి ఎక్కడ తాకట్టు పెట్టొచ్చాడో ఆ దేవుడికే తెలియాలి.

ఆ వైపు ఊళ్ళలో ఆటగాడికి కాగితాలూ సంతకాలూ ఏమీ ఉండవు. మిరపకోతలు ఒక కొలిక్కి వచ్చాక, తిరునాళ్ళ ఆటలు మొదలయ్యేలోపు, జట్టు పెద్ద ఆటగాడి ఇంటికి పళ్ళూ ఆకూ వక్కా తీసుకెళ్తాడు. ఇంటి పెద్ద అందుకుంటే ఆ ఏడాదంతా కుర్రాడు ఆ జట్టువాడే, ఇంకెవరూ అడగడానికి లేదు. తాంబూలం తిప్పి పంపిన ఇల్లు గానీ, ఇచ్చింది వెనక్కి తీసుకున్న జట్టు గానీ ఆ చుట్టుపక్కల లేదు.

ప్రేమ్‌చంద్ బయల్దేరింది మాత్రం ఈ ఏడు తాంబూలం లేదని చెప్పడానికి. ఆ ఇంటి కుర్రాడు వీరబాబు కూతకు వెళ్తే అవతలి ఏడుగురూ గోడకు అంటుకుపోయినట్టు వెనక్కి జరిగేవాళ్ళు. అదంతా ఒళ్ళు బాగున్నప్పటి వైభోగం. మొదట భుజం జారింది, తర్వాత చీలమండ మడతపడింది, నిరుడు మోకాలు పోయింది. సగం ఆటలు గట్టు మీద కూర్చుని చప్పట్లు కొట్టడంతోనే సరిపోయింది.

జట్టు ఖర్చంతా కోల్డు స్టోరేజీ యలమందయ్య గారిది. చీమకుర్తి జట్టు చూసే ఖాదర్ వలి ఆయనకు కబురు పెట్టాడు, వీరబాబును మాకిస్తే మా కుర్రాణ్ణి ఒకణ్ణి మీకిస్తామని. యలమందయ్య ప్రేమ్‌చంద్‌ను పిలిపించి తేల్చేశాడు.

“ఇచ్చేస్తే పీడా పోతుంది. లేదు, ఉంచుకుంటానంటావా, నీ ఇష్టం. కానీ గట్టు మీద కూర్చోబెట్టి మేపడం కుదరదు. ప్రతి ఆటకీ దించాల్సిందే. దించలేదా, నీ జట్టుకీ నాకూ ఓ దణ్ణం.”

బళ్ళో చదివే పిల్లాడిగా ఉన్నప్పుడు వీరబాబుకు ఊపిరి బిగబట్టి కూత పెట్టడం నేర్పింది ప్రేమ్‌చందే. ఇచ్చేయడానికి మనసొప్పదు. ఉంచుకోవాలంటే ఆ మోకాలితో ప్రతి ఆటకీ దించాలి. పోనీ తనే తప్పుకుందామా అంటే మిగతా పిల్లలు గాలికి పోతారు. ఎటు తిరిగినా గోడే. చివరికి, పోతే పోనీ, పరాయి ఊళ్ళో ఏమైనా నా కళ్ళముందు విరగడు కదా అని గుండె రాయి చేసుకుని బయల్దేరాడు.

వాకిట్లో పరిచిన పట్టా మీద మిరపకాయలు ఎండుతున్నాయి. వీరబాబు తల్లి సుబ్బరావమ్మ పక్కన కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతోంది. ప్రేమ్‌చంద్ చేతిలో పళ్ళు చూసింది. అంతే, ఆవిడ మొహం వెలిగిపోయింది. చేతులు గబగబా కొంగుకు తుడుచుకుని, అతను నోరు తెరిచేలోపే పళ్ళు అందుకుంది.

“నాలుగు రోజుల్నుంచీ దారి చూస్తన్నా నాయనా. ఈ ఏడు మావాణ్ణి వదిలేశావేమో అనుకున్నా.”

“అది కాదు పిన్నీ...”

ఎవరు వినాలి? ఆకూ వక్కా మర్చిపోయావేంటయ్యా, పెళ్ళాం గుర్తు చెయ్యలేదా అని వేళాకోళం ఆడుతూ, తను నమిలే ఆకుల సంచీలోంచే రెండు తమలపాకులూ ఓ వక్కా తీసి పళ్ళ మీద పెట్టుకుంది. మొగుడి ఫొటో ముందు ఉంచి దణ్ణం పెట్టుకుంది. కూలికి పోతే ఏయ్ అని పిలిచే ఊరు, కొడుకు ఆట మొదలెట్టాక వీరబాబు వాళ్ళమ్మ అంటోంది. ఆవిడకు అదే ఆస్తి.

వీరబాబు లోపలి నుంచి వచ్చి గడప దగ్గరే ఆగిపోయాడు.

ఇది తాంబూలం కాదు పిన్నీ అని ఒక్క మాట అంటే అయిపోయేది. ఆ మాట ప్రేమ్‌చంద్ నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ ఆవిడ కళ్ళు తుడుచుకుంటోంది. పైగా, సిగ్గు విడిచి చెప్పాలంటే, అతనికి లోపల ఎక్కడో హాయిగా అనిపించింది. తను తేల్చుకోలేనిది ఆవిడే తేల్చేసింది కదా! అక్కడే నిలబడి ఖాదర్ వలికి ఫోన్ చేశాడు. తాంబూలం అయిపోయింది భాయ్ అన్నాడు. అయితే ఇంక మాటేముంది, మంచిదేలే అన్నాడు ఆ పెద్దమనిషి.

టీ తాగి లేచాడు ప్రేమ్‌చంద్. ఓ మంచిపని చేశానన్న ధీమాతో నడుస్తున్నాడు. సాగనంపడానికి వీరబాబు రోడ్డు దాకా వచ్చాడు. ఎడమకాలు ఈడుస్తున్నాడు.

“నిన్ను చీమకుర్తికి ఇచ్చెయ్యమన్నార్రా. చెబుదామనే వచ్చా. మనసు రాలేదు” అన్నాడు ప్రేమ్‌చంద్.

రాళ్ళ లారీ ఒకటి దుమ్ము రేపుకుంటూ పోయింది.

“చెప్పాల్సింది అన్నా. అమ్మ నన్ను అంత దూరం పంపదు. అక్కడితో ఆగిపోయేది.”

“ఏం ఆగిపోయేది?”

“ఆట. మెట్లెక్కాలన్నా గోడ పట్టుకుంటన్నా. నేను మానేస్తానంటే అమ్మ బతకదు. నువ్వే వద్దన్నావంటే నాలుగు రోజులు నిన్ను తిట్టుకుని ఊరుకునేది. ఈ ఏడు నువ్వు మా ఇంటికి రాకూడదని పెదకాకాని శివయ్యకు మొక్కుకున్నా అన్నా.”

ప్రేమ్‌చంద్ ఆ ఇంటి వైపు తిరిగి చూశాడు. వెనక్కి వెళ్ళి ఆ పళ్ళు ఏ మొహంతో అడుగుతాడు? యలమందయ్య మాట చెవిలో గింగురుమంటోంది. ప్రతి ఆటకీ దించాల్సిందే. దించాల్సింది తనే, ఈ చేత్తోనే వీపు తట్టి పంపాల్సింది.

ఇంతలో సుబ్బరావమ్మ పరుగులాంటి నడకతో వచ్చింది. పళ్ళలో ఒకటి ఒలిచి కొడుకు నోట్లో పెట్టింది.

“తిరునాళ్ళకి ఈసారి నేనూ వస్తా ప్రేమ్‌చందూ. ముందు వరసలో నాకో కుర్చీ వేయించు.”

వీరబాబు నమలకుండా తల్లి వైపే చూస్తూ నిలబడ్డాడు. సరే పిన్నీ అన్నాడు ప్రేమ్‌చంద్.