తిండి రోజు చొక్కా

పెరట్లో బోను ముందు గునాది ఖాళీ పెట్టె దించాడు. వుర్యాని దానివైపు చూడలేదు.

"తప్పుగా అనుకోకు వదినా. పెద్ద కొండచిలువకు తిండి పెట్టేటప్పుడు ఇద్దరుండాలని మన పాములు పెంచేవాళ్ల సంఘం కట్టుబాటు. అది పెట్టించినవాడు మీ ఆయన తార్జొనోయే. వాడు పోయాక నువ్వొక్కదానివే అయ్యావు."

"ఒక్కదాన్నెందుకన్నా? తీనా ఉందిగా."

పక్కింటి తీనా అప్పటికే నీళ్ల బకెట్టుతో వచ్చి నిలబడింది. "దాని మీద ప్రేమతో రాలేదు. అక్క దిగులు మొహం చూడలేక వచ్చాను. నన్ను మింగితే మా ఆయనకి పండగే."

"చుట్టేస్తే ఏం చేస్తావు?" అని గునాది అడిగాడు.

"తల మీద చన్నీళ్లు పోస్తాను. తోక వైపు నుంచి విప్పుతాను. తర్వాత మూర్ఛపోతాను."

గునాది నవ్వు ఆపుకున్నాడు. "సరే, కానివ్వండి. తేడా వస్తే మాత్రం మీ పాము సెకార్ ఈ పెట్టెలో నాతో వస్తుంది."

సెకార్ చిటికెనవేలంత లావున్నప్పుడు తార్జొనో తెచ్చాడు. ఇప్పుడది మనిషి తొడంత ఉంది. అతను పెంచిన ప్రాణుల్లో ఇంట్లో మిగిలింది అదొక్కటే.

చచ్చిన కుందేలును వుర్యాని గోరువెచ్చని నీళ్లలో ఉంచి తీసింది. పొడవాటి పటకారుతో పట్టుకుని గడియ మీద ఎడమచెయ్యి వేసింది. సెకార్ తల లేపింది. కుందేలు కుడివైపు ఉంది. తల మాత్రం ఎడమవైపు, ఆమె జాకెట్టు చేతి వైపు తిరిగింది. ఆమె చెయ్యి జరిపితే తలా జరిగింది.

వుర్యాని గడియ వదిలేసింది.

"ఏమైందక్కా?"

"పొద్దున కొట్టు కోసం కోళ్లు కోశాను. చేతులు నిమ్మకాయతో రుద్దుకున్నాను గానీ బట్టలు మార్చుకోలేదు."

"నువ్వు వీధి మలుపులో ఉండగానే మా పిల్లి లేచి కూర్చుంటుంది. పాముకి తెలియదా!"

బోను పక్కన మేకుకు వెలిసిన నీలం చొక్కా వేలాడుతోంది. తిండి రోజున తార్జొనో స్నానం చేసి అదే తొడుక్కునేవాడు. ఆమె బట్టలతో కలవనిచ్చేవాడు కాదు, తనే విడిగా ఉతుక్కునేవాడు. "పాముతో పెళ్లిచూపులా?" అని ఆమె ఏడిపిస్తే నవ్వి ఊరుకునేవాడు. నీ దగ్గర కోడి వాసన వస్తుందని ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అనలేదు.

ఆమె స్నానం చేసి ఆ చొక్కా తొడుక్కుని, దాని చేతులు పైకి మడుచుకుని వచ్చింది. తీనా తలుపు పట్టుకుంది. ఈసారి సెకార్ కుందేలునే చూసింది. ఒక్క విసురున అందుకుని చుట్టుకుంది. తలుపు పడింది, గడియ పడింది.

"అరిగేదాకా ముట్టుకోవద్దు" అంటూ గునాది పెట్టె ఎత్తుకున్నాడు.

"ఖాళీగానే తేలిగ్గా ఉంది కదన్నా!" అంది తీనా.

సాయంత్రం వుర్యాని ఆ చొక్కాను విడిగా ఉతికి అదే మేకుకు తగిలించింది.