మెరుపుకాలు నాగబాబు

ఆటోనగర్‌లో శ్రీరామ్మూర్తిగారికి ఒక ట్రాన్స్‌పోర్టు కంపెనీ ఉంది. అందులో నాగబాబు ట్రైలర్ డ్రైవరు. స్టీలు చుట్టలు ఎక్కించుకుని పోర్టులో దించి రావడం అతని పని.

కంపెనీ బండ్లు ఈమధ్య ముందు పోయేవాటిని వరసగా గుద్దుతున్నాయి. శ్రీరామ్మూర్తిగారు బాగా ఆలోచించి, డ్రైవర్లలో చురుకుదనం చచ్చిపోయిందని తేల్చారు. ట్రిప్పులు మరీ ఎక్కువయ్యాయేమో అని మేనేజరు నసిగాడు గాని ఆ మాట ఆయన చెవిన పడలేదు. ఎక్కడినుంచో ఒక మిషను తెప్పించి ఆఫీసులో పెట్టించారు. దాని ముందు కుర్చీలో కూర్చోవాలి. ఎర్రలైటు వెలగ్గానే కాలి కింద బ్రేకు తొక్కాలి. ఎవరు ఎంత త్వరగా తొక్కారో పైన అంకెల్లో కనిపిస్తుంది.

ఎన్నిసార్లు పెట్టినా నాగబాబే ఫస్టు. లైటు వెలిగే ముందు మిషను లోపల టక్కుమని చిన్న చప్పుడయ్యేది. అతని చెవి దాన్ని పట్టేసింది. చెవి చేసిన ఆ పని అతనికే తెలియదు. తన కాలి మహిమే అనుకున్నాడు.

శ్రీరామ్మూర్తిగారు శాలువా కప్పారు. గేటు దగ్గర ‘మా మెరుపుకాలు’ అని ఫ్లెక్సీ కట్టించారు. అందులో ఆయన ఫొటో నిలువెత్తు, నాగబాబుది పాస్‌పోర్టు సైజు. అయినా నాగబాబుకు నేల మీద కాలు నిలవలేదు. టీకొట్టు దగ్గర లేతు పని చేసుకునే బావ గవర్రాజును పట్టుకున్నాడు.

“నీ రియాక్షను ఎప్పుడైనా సూసుకున్నావేటి బావా? ఈగ వాలిన అరగంటకి గాని నీ సెయ్యి లెగదు.”

“ఈగలకి కూడా పరీచ్చ ఎట్టమని మీ ఓనరుకి సెప్పు,” అన్నాడు గవర్రాజు.

ఇంట్లో భార్య రోజారమణి చేతిలోంచి గిన్నె జారితే, పడకముందే తాను పట్టేవాణ్ణని చెప్పేవాడు. గిన్నె పడిన తరవాతే చెప్పేవాడు.

కొన్నాళ్లకు ఇన్సూరెన్సు వాళ్లు అలేఖ్య అనే ట్రైనర్‌ని పంపారు. మిషను పరీక్ష చూపించి శ్రీరామ్మూర్తిగారు మురిసిపోయారు. ఆమె మిషను దగ్గర చెవి ఒగ్గి, లోపలి టక్కుమనే చప్పుడు వింది.

“చాలా బాగా చేశారండీ. పరీక్ష అయిపోయింది. ఆ ఖాళీ బండిని కాస్త బరువు తూచే కాటా దగ్గర పెడతారా?” అని నాగబాబును అడిగింది.

నాగబాబు కూనిరాగం తీస్తూ బయల్దేరాడు. పాత టైర్ల కుప్ప వెనకనుంచి ఫ్రిజ్జంత అట్టపెట్టె ఒకటి తాడుతో జరజరా బండి ముందుకొచ్చింది. బండి దాన్ని అప్పడంలా నొక్కేసి, ఇంకాస్త ముందుకెళ్లి అప్పుడు ఆగింది.

నాగబాబు తల బయటపెట్టాడు. “ఏటమ్మా ఇది? లైటు ఎలగలేదు కదా!”

డ్రైవర్లు పడీ పడీ నవ్వారు. తాడు లాగించిన అలేఖ్య మాత్రం నవ్వలేదు.

“ఎవరు తోలినా ఆ పెట్టె మిగిలేది కాదండీ. వస్తుందని తెలిస్తే కాలు సిద్ధంగా ఉంటుంది. తెలియనిది వస్తే, అదేమిటో ముందు బుర్రకెక్కాలి. ఆ తరవాతే కాలు కదులుతుంది. అందుకే ముందు బండికీ మనకీ మధ్య ఎడం వదలమనేది. ఎడం వదలాలంటే వెనకనుంచి తొందర పెట్టేవాళ్లు ఉండకూడదు.”

“ఆయ్, చక్కగా చెప్పారండి,” అన్నారు శ్రీరామ్మూర్తిగారు. “నేనైతే ఆపేసేవాణ్ణనుకోండి.”

ఆ రోజు నాగబాబుకు అన్నం సయించలేదు. పెట్టె స్థానంలో మనిషి ఉంటేనో అన్న ఊహ వదల్లేదు. మర్నాటినుంచి కాకి దిగినా బ్రేకే, ప్లాస్టిక్ కవరు ఎగిరినా బ్రేకే. వెనకవాళ్ల తిట్లకు చెవులు చిల్లులు పడ్డాయి. కొన్నాళ్లకు కాలు కుదుటపడింది గాని, ఎడం వదిలే అలవాటు మాత్రం మిగిలిపోయింది.

ఒకరోజు శ్రీరామ్మూర్తిగారి కారు డ్రైవరు రాలేదు. ఆనందపురంలో స్థలం చూడ్డానికి నాగబాబును తోలమన్నారు. హైవే మీద ముందు ఒక పనసకాయల వ్యాను పోతోంది.

“అంత ఖాళీ ఎందుకయ్యా, కబడ్డీ ఆడించడానికా? అంటుకుని పో,” అని కసిరి, ఆయన ఫోనులో ఇంకో డ్రైవరును ఆలస్యానికి తిట్టడం మొదలెట్టారు.

నాగబాబు ఎడం తగ్గించలేదు. వ్యాను కుదుపుకి ఒక పెద్ద కాయ రోడ్డు మీద పడింది. నాగబాబు కళ్లప్పగించి చూశాడు. ‘ఏటది? పందిపిల్లా? కాదు... పనసకాయ!’ అప్పుడు పడింది కాలు. కారు కీచుమంటూ వెళ్లి కాయకు మూరెడు దూరంలో ఆగింది.

“ఆపు!” అని అప్పుడు అరిచారు శ్రీరామ్మూర్తిగారు.

“ఆపేసాను బాబూ,” అన్నాడు నాగబాబు.

సాయంత్రం ఆఫీసులో శ్రీరామ్మూర్తిగారు కథ చెబుతున్నారు. ఆయన సమయానికి అరవబట్టి ఇద్దరూ బతికారట. నాగబాబు ఓపిగ్గా అంతా విని, చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

“బాబూ, ఒక్క మాట. రోజుకో ట్రిప్పు తగ్గిత్తే, అందరం ఎడం ఒగ్గి తోల్తాం.”

ఈ మాట వస్తుందని శ్రీరామ్మూర్తిగారు అనుకోలేదు. ఫ్యాను వైపు చూశారు. మేనేజరు వైపు చూశారు. చేతిలో టీ చల్లారిపోయాక, “చూద్దాంలే,” అన్నారు.

ట్రిప్పులు తగ్గలేదు. నాగబాబు మాత్రం ఎడం వదిలే తోలుతున్నాడు. పోర్టుకు ఆలస్యంగా చేరుతున్నాడు, రోజూ తిట్లు తింటున్నాడు. మొన్న గాజువాక దగ్గర గవర్రాజు క్యాబిన్‌లోకెక్కాడు. వదిలిన ఖాళీలోకి ముందు ఒక ఆటో దూరింది. దాని వెనకే ఇంకోటి.

“ఏటి బావా, అందరూ దూరిపోతన్నారు?”

“దూరనీ బావా. ఆళ్ల ఎనకాల మళ్లీ ఒగ్గుతాను,” అంటూ నాగబాబు యాక్సిలరేటరు మీదినుంచి కాలు తీశాడు.