డాబా మీద స్లీపింగ్ బ్యాగు

మెర్సీ టీచర్ ఆన్‌లైన్‌లో తెప్పించిన స్లీపింగ్ బ్యాగును చూసి హాస్టల్ వార్డెన్ సంపూర్ణమ్మగారు ముందు నవ్వారు, తర్వాత ముక్కున వేలేసుకున్నారు. ఒంటి చేత్తో ఎత్తి బరువు చూసి, ఇందులో దూది పెట్టడం మరిచిపోయినట్టున్నారు, తిరిగి పంపించెయ్ అన్నారు. చుట్టి సంచిలో దూరిస్తే గుమ్మడికాయంత కూడా లేదది. అలాంటి పలచటి గుడ్డలో పిల్లల్ని చుట్టి, డిసెంబరు చలిలో మారేడుమిల్లి కొండల్లో పడుకోబెడతానంటే ఆవిడ ఎలా ఒప్పుకుంటారు?

ఆవిడ ఒప్పుకోకపోతే గైడ్స్ క్యాంపుకి ఆ హాస్టల్ నుంచి ఒక్క పిల్ల కూడా కదలదు. పాలకొల్లు దగ్గరున్న ఆ మిషన్ హాస్టల్లో పిల్లలందరూ కూలి పనులకి పోయేవాళ్ళ బిడ్డలు. కన్నవాళ్ళు పిల్లని సంపూర్ణమ్మగారి చేతిలో పెట్టి, ఇక మీ ఇష్టమండి అనేసి వెళ్ళినవాళ్ళే. క్యాంపు వాళ్ళు టెంట్లు ఇస్తారు, అన్నం పెడతారు, పడక మాత్రం ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. పేరున్న బ్యాగులు కొనే స్తోమత ఎవరికీ లేదు. చవకరకమైతే చర్చివాళ్ళు కొనిస్తామన్నారు. ఆ చవకరకం పనికొస్తుందా లేదా అన్నది తేలాలి.

మెర్సీ ఆ స్కూల్లో ఆటల టీచరు, గైడ్స్ పిల్లలకి కెప్టెను. అంతకుముందు ఆ హాస్టల్లోనే పెరిగిన పిల్ల. ఎనిమిదో క్లాసులో ఇలాంటి క్యాంపుకే పేరిచ్చి, గైడ్స్ స్కార్ఫు ఇస్త్రీ చేసుకుని తయారైతే, రగ్గు లేదని బస్సు మెట్టు మీంచి దింపేశారు. దింపింది సంపూర్ణమ్మగారే. చలికి పిల్ల ఏమైపోతుందోనని ఆవిడ భయం. ఆ సంగతి మెర్సీకి ఇప్పుడు అర్థమవుతుంది గానీ, ఆ బస్సు తనని వదిలేసి వెళ్ళిపోవడం ఈ వయసులోనూ మరిచిపోలేదు.

"ముందు నేను పడుకుని చూస్తానమ్మగారూ. నాకు చిన్న తుమ్ము వచ్చినా ఈ మాట మళ్ళీ ఎత్తను," అంది.

"పడుకో. పైన బరకం కప్పుకోవడం మాత్రం మరిచిపోకు," అన్నారు సంపూర్ణమ్మగారు.

డెల్టాలో డిసెంబరు వచ్చిందంటే ఆరుబయట ఉన్న దేన్నీ కప్పకుండా వదలరు. రోడ్డు పక్క ధాన్యం రాశి మీద బరకం, స్కూటరు మీద గోనెపట్టా, ఆఖరికి గులాబీ మొక్క మీద పాత చీర. మెర్సీ నాన్న కౌలు రైతు. రాశి మీద బరకం కప్పి చుట్టూ రాళ్ళు పెట్టడం మెర్సీకి చిన్నప్పటినుంచీ చేతనైన పని. అందుకే వార్డెన్‌గారి మాట ఆమెకి వింతగా అనిపించలేదు. హాస్టల్ డాబా మీద బ్యాగులో దూరి, జిప్పు లాక్కుని, నీలం రంగు ప్లాస్టిక్ బరకాన్ని మెడదాకా కప్పుకుని, తనే ఒక ధాన్యం రాశి అయినట్టు పడుకుంది.

తెల్లారేసరికి బ్యాగు తడిసి ముద్దయింది. సంపూర్ణమ్మగారు మెట్లెక్కి వచ్చి బ్యాగు పట్టుకు చూశారు. తర్వాత మెర్సీ అరికాళ్ళు పట్టుకు చూశారు. అది ఆవిడ అలవాటు. రోజూ పొద్దున్నే ప్రార్థన గంట కొట్టే ముందు పిల్లల మంచాల మధ్య తిరుగుతూ ఒక్కొక్కరి అరికాళ్ళు తాకుతారు. ఎవరికి జ్వరమో, ఎవరికి దుప్పటి చాలలేదో ఆవిడకి అక్కడే తెలిసిపోతుంది.

"ఐసు ముక్కల్లా ఉన్నాయి. మంచునంతా తాగేసింది నీ సంచి," అనేసి కిందికి దిగిపోయారు.

మెర్సీకి ఏడుపొచ్చింది. బరకాన్నైనా ఆరేద్దామని ఎత్తితే, దాని లోపలివైపు నుంచి నీళ్ళు టపటపా పాదాల మీద పడ్డాయి. ప్లాస్టిక్ బరకంలోంచి మంచు దిగదు కదా, మరి లోపలికి ఇంత నీరు ఎక్కణ్ణించి వచ్చిందని ఆగిపోయింది. అప్పుడు నాన్న గుర్తొచ్చాడు. పొద్దెక్కకుండానే పిల్లలందర్నీ లేపి రాశి మీది బరకం తీయించేవాడు. ఆలస్యమైతే ఉక్కిపోద్ది, గింజ రంగు మారిపోద్ది అని గోలపెట్టేవాడు. తనూ రాత్రంతా ఆ బరకం కింద ఉక్కిపోయింది, అంతే. ఒంటి ఆవిరి బయటికి పోయే దారిలేక బ్యాగు తడిసింది. రైతు బిడ్డయి ఉండి ఈ మాత్రం తోచనందుకు తన నెత్తిన తనే మొట్టికాయ వేసుకుంది.

వెళ్ళి సంపూర్ణమ్మగారికి చెబితే ఆవిడ నమ్మలేదు. కానీ ఆవిడది న్యాయమైన మొండితనం. ఆదివారం ఆరాధన అయ్యేదాకా గడువిచ్చారు.

శనివారం మెర్సీ తన భర్త జయపాల్‌ని పాత కారుతో సహా మారేడుమిల్లికి బయల్దేరదీసింది. మొన్న డాబా మీద సిమెంటు చలి కింది నుంచి కూడా వీపుకి పాకింది. బ్యాగు మన బరువుకి అణిగిపోయి అడుగున కాగితంలా అయిపోతుంది మరి. అందుకని ఖాళీ బియ్యం సంచుల్లో వరిగడ్డి కూరి డిక్కీలో పెట్టింది. అడవికి గడ్డి మోసుకెళ్ళేవాళ్ళం మనమేనని రాజమండ్రి దాటేదాకా జయపాల్ నవ్వుతూనే ఉన్నాడు.

మారేడుమిల్లి చేరాక బరకాన్ని రెండు చెట్ల మధ్య తాడు మీద ఏటవాలుగా వేసి, రెండు పక్కలా గాలి ఆడేలా వదిలేసింది. తెల్లారి కోడి కూతకి మెలకువ రాగానే మొదట తన అరికాళ్ళే పట్టుకు చూసుకుంది. వెచ్చగా ఉన్నాయి. రెండు రగ్గులు కప్పుకుని పడుకున్న జయపాల్ ఎప్పుడో లేచిపోయి, నెగడు ముందు పళ్ళు టకటకలాడిస్తూ కూర్చున్నాడు. ఇప్పుడు నవ్వడం మెర్సీ వంతయింది. బ్యాగు పైపైన చెమ్మగిల్లిందిగానీ, తువ్వాలుతో తుడిస్తే టీ మరిగేలోగా ఆరిపోయింది. లోపాలు లేకపోలేదు. జిప్పు మొండిది, నెమ్మదిగా లాగితేనే వస్తుంది. మెడ దగ్గర గాలి దూరుతుంది, అక్కడ తువ్వాలు చుట్టుకోవాలి.

పొద్దున్నే బయల్దేరి ఆరాధనకి అందుకున్నారు. అయిపోయాక ఉన్నదున్నట్టు చెప్పింది. మంచిని ఎంత చెప్పిందో లోపాన్నీ అంత చెప్పింది. సంపూర్ణమ్మగారు అంతా విని తల అడ్డంగా ఊపారు.

"నీ ఒంటి మీద కండ ఉంది మెర్సీ. మన పిల్లల్లో ఆ బేబిని చూడు, ఎముకలు తప్ప ఏముంది దానికి? నేనూ అంతే, ఎండాకాలంలో కూడా దుప్పటి లేకపోతే నిద్ర పట్టదు. మా ఒళ్ళు వేరు."

మెర్సీ బ్యాగు తీసి ఆవిడ ఒళ్ళో పెట్టింది.

"అయితే ఈ పూటకి మీరే పడుకోండమ్మగారూ. రేప్పొద్దున మీరేం చెబితే అదే."

చుట్టూ పిల్లలు చేరిపోయారు. వాళ్ళ ముందు వెనక్కి తగ్గడం సంపూర్ణమ్మగారి ఒంట్లో లేదు. భోజనాలవగానే మంకీ క్యాపు, బైబిలు పట్టుకుని డాబా ఎక్కారు. మెర్సీ గడ్డి సంచులు పరిచి, బట్టలారేసే స్తంభాల మధ్య బరకం కట్టింది. ఆవిడ రోజూ వేసుకునే రెండు స్వెటర్లలో ఒకటి తీసి పక్కన పెట్టారు. పిల్లలకి ఒక్కొక్కటే ఉంది, నాకు మాత్రం రెండెందుకన్నారు. అలాంటి మనిషితో గెలవడం కష్టమే అనుకుంటూ మెర్సీ పిల్లల గదిలోకి వెళ్ళి పడుకుంది.

మెలకువ వచ్చేసరికి కిటికీలోంచి ఎండ మొహం మీద పడుతోంది. పిల్లలు మంచాల మీద లేచి కూర్చుని ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు.

"టీచర్, అమ్మగారు గంట కొట్టలేదండి," అంది బేబి.

తుపానొచ్చినా, జ్వరమొచ్చినా ఆవిడ ప్రార్థన గంట కొట్టని పొద్దు ఆ హాస్టల్లో లేదు. పెద్దావిణ్ణి పట్టుబట్టి చలిలో పడుకోబెట్టాను, ఏమైపోయిందోనని మెర్సీ మెట్లు రెండేసి ఎక్కుతూ పరిగెత్తింది.

బరకం కింద బ్యాగులోంచి ముక్కు ఒక్కటే కనబడుతోంది. సన్నగా గురక. మెర్సీ కూలబడి, ఊపిరి కుదుటపడ్డాక, కాళ్ళ దగ్గర జిప్పు నెమ్మదిగా లాగి లోపలికి చెయ్యి పోనిచ్చింది. అరికాళ్ళు వేడి వేడిగా ఉన్నాయి. ఇన్నేళ్ళూ తన పాదాలు పట్టుకు చూసిన మనిషి పాదాలవి. మెర్సీకి కళ్ళల్లో నీళ్ళు ఆగలేదు.

సంపూర్ణమ్మగారు ఒక కన్ను తెరిచారు.

"గంట కొట్టారా?"

"లేదండి."

ఆవిడ ఆకాశం వంక, ఎండ వంక చూశారు.

"క్యాంపులో బేబికి మెడ దగ్గర తువ్వాలు నువ్వే చుట్టు. దానికి చేతకాదు," అని మళ్ళీ కళ్ళు మూసుకున్నారు.

మెర్సీ జిప్పు వేసి, కిందికి దిగి, గంట తనే కొట్టింది.