ఇద్దరికీ ఒకే బండి

ఓడ మయామీ రేవులో ఆగింది. పాత ప్రయాణికులు పెట్టెలు లాక్కుంటూ దిగిపోతున్నారు. గదులు శుభ్రం చేసే రోవెనా ఎనిమిదో అంతస్తు సామాన్ల గది తలుపు తీసి చూస్తే బండి లేదు.

ముందు రోజు సాయంత్రం తన చేతులతో సర్దుకున్న బండి అది. కింది అరలో దుప్పట్లు, నడిమి అరలో తువ్వాళ్ళు, పైన సబ్బులు, టాయిలెట్ కాగితం చుట్టలు, ఒక పక్క చెత్త సంచి, ఇంకో పక్క మాసిన బట్టల సంచి. పొద్దున్నే వచ్చి తోసుకుపోవడమే తరువాయి అనుకుంది.

"మళ్ళీ ఎత్తుకుపోయాడు," అని పళ్ళు కొరుక్కుంది.

ఎత్తుకుపోయినవాడు దోరో. ఆ అంతస్తులో ఎడమ నడవ గదులు రోవెనావి, కుడి నడవ గదులు దోరోవి. మొన్నమొన్నటి దాకా ఎవరి బండి వాళ్ళకుండేది. నడవలు చాకిరేవులా ఉన్నాయని, బండ్ల మధ్య నుంచి పక్కకి తిరిగి నడవాల్సి వస్తోందని ప్రయాణికులు ఫిర్యాదు చేశారట. దాంతో పైవాళ్ళు బండ్లు సగానికి సగం తీసేశారు. పనిని మాత్రం ఎవరూ సగం చేయలేదు. పాతవాళ్ళు దిగిన గదులన్నీ మధ్యాహ్నం కొత్తవాళ్ళు ఎక్కేలోపు అద్దంలా తయారు కావాల్సిందే.

రోవెనా సామాన్ల గది దాటి కుడి నడవలోకి వెళ్ళింది. దోరో కూనిరాగం తీస్తూ గలీబులు ఊడదీస్తున్నాడు. ఆమె కన్నా పదేళ్ళు పెద్ద. ఇద్దరిదీ ఒకే దేశమైనా ఊళ్ళు వేరు, అతను బతంగాస్ మనిషి. మామూలుగా మాట్లాడినా కొట్లాడినట్టే ఉంటుంది.

"అన్నా, బండి నేను సర్దుకున్నాను కదా."

"సర్దావు కాబట్టే తెచ్చుకున్నా, ఇందాయ్. నువ్వు సర్దితే కళ్ళకద్దుకోవాలనిపిస్తుంది." ఇందాయ్ అంటే ఆమె ఊరి వైపు అమ్మాయిలని పిలిచే పిలుపు.

"ప్రయాణికులు దిగే రోజున బండి ముందుగా నాకే కావాలని చెప్పానా లేదా?"

"ఎప్పుడు చెప్పావు?"

"పోయిన వారం చెప్పాను. మొన్న భోజనాల దగ్గర చెప్పాను. నిన్న కూడా చెప్పాను."

"నువ్వు చెబితే జోల పాడినట్టుంటుందమ్మా! మీ ఇలోయిలో వాళ్ళు తిడుతున్నారో బుజ్జగిస్తున్నారో ఆ దేవుడికే తెలియాలి. మా ఊళ్ళో అయితే అడిగితే వీధి చివరికి వినపడుతుంది."

రోవెనాకి ఒళ్ళు మండింది. ఏదో అనబోయింది. అంతలో నడవ మలుపులోంచి చిన్న హారన్ మోగింది. మోకాళ్ళు పనిచేయని ఒక పెద్దావిడ మూడు చక్రాల బ్యాటరీ బండి మీద వస్తోంది. నడవలో ఎవరు ఎదురైనా నవ్వాలి, పలకరించాలి. అది ఉద్యోగంలో చేరిన రోజే నేర్పే పాఠం. ఇద్దరూ పళ్ళన్నీ కనబడేలా నవ్వారు.

"గుడ్ మార్నింగ్ మేడమ్!"

సామాన్ల బండి, ఆవిడ బండి పక్కపక్కన పట్టే దారి కాదు. దోరో వెనక్కి లాగుతుంటే రోవెనా ముందు నుంచి తోస్తూ సామాన్ల గది దాకా పోయారు. ఆవిడ మెల్లగా వాళ్ళ వెంటే వచ్చింది. "మీ ఇద్దరూ ఎంత సరదాగా ఉంటారో! మీ దగ్గరే మా వాళ్ళు నేర్చుకోవాలి," అంటూ సాగిపోయింది.

ఆమె అలా మలుపు తిరిగిందో లేదో, దోరో బండిని తన నడవలోకి తిప్పేసుకున్నాడు. "నా నాలుగు గదులు అయిపోనీ, పంపిస్తా," అన్నాడు.

పంపించేసరికి బండిలో తువ్వాళ్ళు అడుగంటాయి. రోవెనా మళ్ళీ కిందికి దిగి, లాండ్రీ దగ్గర వరసలో నిలబడి తెచ్చుకుంది. ఆమె గదులు పూర్తయ్యేలోపు కొత్తవాళ్ళు ఎక్కేశారు. ఇద్దరు ముగ్గురు సంచులు భుజాన వేసుకుని తలుపుల దగ్గర పడిగాపులు పడ్డారు. సూపర్‌వైజర్ ఫ్లావియా గోవా మనిషి, పని దగ్గర మొహమాటం ఉండదు. ఆవిడ వచ్చి రోవెనానే నిలదీసింది. "దోరో గదులు ఎప్పుడో అయిపోయాయి. నీకేమైంది?"

ఏమైందో రోవెనా చెప్పింది. ఆ చెప్పడం కూడా జోలపాటలాగే ఉందేమో, ఫ్లావియా సగంలోనే ఫోను తీసుకుని వెళ్ళిపోయింది.

వారమంతా ఆ మంట ఆరలేదు. గిన్నెలో సినిగాంగ్ పులుసు చల్లారిపోతున్నా చెంచాతో కలుపుతూ కూర్చునేది. తోటి అమ్మాయిలు ఏమిటని అడిగితే ఏమీ లేదనేది. బండి గురించి ఏడుస్తున్నానంటే నవ్వుతారని భయం.

తరువాతి ఆదివారం ఓడ మళ్ళీ మయామీ చేరింది. ఆ రోజు రోవెనా అందరికన్నా ముందు లేచింది. ఆమె నడవలో పైకప్పు కారుతుందని మూసిపెట్టిన గది ఒకటుంది. ఆ ప్రయాణమంతా దాన్ని ఎవరికీ ఇవ్వలేదు. సర్దిన బండిని దాంట్లోకి తోసి తలుపు వేసేసింది. కావలసినప్పుడల్లా లోపలికి వెళ్ళడం, చంకలో పట్టినన్ని తువ్వాళ్ళు, దుప్పట్లు తెచ్చుకోవడం, మాసినవి తీసుకెళ్ళి సంచిలో కుక్కడం.

కాసేపటికి దోరో వచ్చాడు. "బండి చూశావా, ఇందాయ్?"

"లేదన్నా."

"నీ దగ్గర లేకపోతే ఎక్కడికి పోయింది? రెక్కలొచ్చాయా దానికి?"

"ఏమో. ఏడో అంతస్తు వాళ్ళు పట్టుకెళ్ళారేమో."

అతను ఏడో అంతస్తుకి పోయాడు. అక్కడివాళ్ళు కసురుకున్నారు. తొమ్మిదికి ఎక్కాడు. చివరికి లాండ్రీకి వెళ్ళి దుప్పట్ల మూట భుజానికెత్తుకుని, లిఫ్టుల దగ్గర పెట్టెల గుంపు ఉంటే మెట్ల మీదుగా మోసుకొచ్చాడు. సామాన్ల గది అవతల అతని ఆయాసం రోవెనాకి వినిపిస్తూనే ఉంది. ఒకసారి బండి బయటికి తీద్దామా అనుకుంది. ఇంకో రెండు గదులు అయ్యాక చూద్దాంలే అనుకుంది. ఆ రెండూ అయ్యాక మరో రెండు.

ఆ రోజు ఆమె గదులు అందరికన్నా ముందు పూర్తయ్యాయి. చాలా రోజులకి అన్నం వేడివేడిగా ఉండగా తినడానికి కూర్చుంది. రెండు ముద్దలు తిన్నదో లేదో, ఫ్లావియా నుంచి ఫోను.

"ఉన్నపళంగా రా."

జరిగిందేమిటంటే, వడ్రంగులు ముందురోజే పైకప్పు బాగుచేసి పోయారు. గది ఖాళీగా ఉందని కౌంటరు వాళ్ళు చివరి నిమిషంలో వచ్చిన ఒక ముసలి దంపతులకి తాళం ఇచ్చేశారు. వాళ్ళు ఎంతో సంబరంగా తలుపు తీస్తే, మంచం ముందు బండి. మాసిన బట్టల సంచి నిండి నేల మీదికి పొర్లుతోంది.

రోవెనా ఫ్లావియా ఆఫీసు గదికి వెళ్ళేసరికి దోరో అక్కడ కుర్చీలో ఉన్నాడు. ప్యాంటు మోకాలి పైదాకా మడిచి ఉంది. మోకాలు కొబ్బరికాయంత వాచింది. రెండో మూటతో మెట్ల మీద జారాడట.

"ఎవరు పెట్టారు బండిని ఆ గదిలో?" అంది ఫ్లావియా.

"నేనే," అంది రోవెనా.

దోరో తలెత్తి చూశాడు. ఎప్పుడూ నోరు మూయని మనిషి, మళ్ళీ తల దించుకుని వాచిన మోకాలు నిమురుకున్నాడు. దానికే ఆమెకు ఏడుపు పొంగుకొచ్చింది. ఏడుపుతో పాటు ఇన్నాళ్ళూ గొంతులో దిగమింగినదంతా బయటపడింది.

"ఇద్దరికి ఒక బండేమిటి మేడమ్? రెండు నడవలు, ఒక బండి! ఎవరో తీరిగ్గా కూర్చుని నడవలు అందంగా లేవంటే, మేము దుప్పట్లు నెత్తిన పెట్టుకు మోయాలా? కుక్కల్లా కొట్లాడుకోవాలా?"

పక్క గదిలో ఎవరో మాట్లాడడం ఆపేశారు. ఫ్లావియా లేచి తలుపు మూసింది.

"అరవకు. నువ్వన్నది నేను పైవాళ్ళతో అన్నాను. ఒకసారి కాదు. వింటారా వాళ్ళు? ఎనిమిదో అంతస్తు రోవెనా బండి దాచింది అంటే మాత్రం ఇట్టే వింటారు." ఆమె కళ్ళద్దాలు తీసి మొహం రుద్దుకుంది. "నీకు హెచ్చరిక రాయక తప్పదు. అడుగున స్టోరులో ఒక పాడుబడ్డ బండి ఉండాలి. పైవాళ్ళ కంట పడకుండా వాడుకోండి."

రోవెనా మందుల గది దాకా దోరోకి భుజం ఆసరా ఇచ్చింది. అతను కాదనలేదు. మూడో రోజు భోజనాల దగ్గర అతని ఎదురుగా కంచం పెట్టుకుని కూర్చుంది.

"అన్నా, తప్పయిపోయింది."

దోరో ఎండుచేప ముల్లు తీస్తూ అన్నాడు. "బండి కావాలంటే నోరు తెరిచి అడగొచ్చు కదా, ఇందాయ్. దాచడమెందుకు?"

"అడిగాను!" అంది రోవెనా. బల్ల మీద కంచాలు అదిరాయి. అటూ ఇటూ కూర్చున్నవాళ్ళు తిరిగి చూశారు. "నిన్ను ఎన్నిసార్లు అడిగాను! చెవుల్లో సీసం పోసుకున్నావా?"

"అదిగో," అన్నాడు దోరో చేప నోట్లో పెట్టుకుంటూ. "అడగడమంటే అదీ."

స్టోరులోంచి బండి వచ్చింది. దాని ముందు చక్రం ఒకటి తిరగదు. వదిలితే ఎడమ గోడకి పోయి కొట్టుకుంటుంది. మోకాలు తగ్గేదాకా బరువులు తోయొద్దని డాక్టరు దోరోకి చెప్పాడు. కాబట్టి మంచి బండి అతనికే పోయింది. ఎవరూ పంచలేదు, ఎవరూ అడగలేదు. రోవెనాయే తీసుకెళ్ళి అతని నడవలో పెట్టి వచ్చింది.

ఇప్పుడామె పాత బండికి ఒక పక్క తుంటి ఆనించి, రెండు చేతులతో కుడికి తిప్పుతూ ఆ పొడవాటి నడవలో తోసుకుపోతోంది. సగం దూరం పోయాక బండి ఒక్కసారి మొరాయించింది. పై వరస తువ్వాళ్ళు జారి తివాచీ మీద పడ్డాయి. గోడకి అవతల దోరో ఏదో పాట ఎత్తుకున్నాడు. మంచి హుషారుగా ఉన్నాడు. అతని మీద కోపం తెచ్చుకుందామంటే తన తప్పే అడ్డొస్తోంది, అదింకా చిరాగ్గా ఉంది. రోవెనా వంగి తువ్వాళ్ళు ఏరి, నేల తాకినవి ఇక పనికిరావని మాసిన బట్టల సంచిలో పడేసి, కొత్తవాటి కోసం కిందికి బయలుదేరింది.