జన పట్టని చేపలు

మా ఆయన దూర సముద్రాల్లో వేటాడే ఓడ ఎక్కేస్తాడేమోనన్నదే నాకున్న భయాలన్నిటిలోకీ పెద్ద భయం. ఆ ఓడలెక్కినవాళ్లు ఏళ్ల తరబడి రారు. కొందరు అసలే రారు. వ్యవహారాన్ని ఇంత దూరం తెచ్చింది నేనే. పోనీ, చెప్పిన మాట వెనక్కి తీసుకుందామంటే అది అబద్ధం కాదే!

మా తీరం ముందున్న సముద్రం నేను కాపురానికి వచ్చేసరికే ఖాళీ. అందరూ కలిసి ఊడ్చేశారు. తర్వాత మా పడవల సంఘంవాళ్లు వేట ఆపించారు. కొన్నాళ్లకు నీళ్లలో చేప మళ్లీ కనపడిందని తొందరపడి వేట తెరిచారు. ఆ కాలమంతా ఇళ్లు కళకళలాడాయి. పైఏడు మళ్లీ వట్టి నీళ్లే. దొరికినవన్నీ ఒకే ఏడు పుట్టిన పిల్లచేపలు మరి. అవి ఒక్కసారైనా గుడ్లు పెట్టకముందే పట్టేశారు.

అప్పుడే వేట మళ్లీ ఆపేసి ఒక పద్ధతి పెట్టుకున్నారు. పరీక్షకని ఒక్క పడవ వెళ్లి వల వేసి వస్తుంది. చేపల శాఖ నుంచి వచ్చే కొలతల మేడం ఆ చేపల్ని కొలిచి, కోసి చూస్తుంది. పడవలున్న ఇళ్లలోంచి ఒక ఆడమనిషి ఆవిడ పక్కన నిలబడి, కడుపుల్లో జన ఉందో లేదో కళ్లారా చూసి సంఘంలో చెప్పాలి. చేప కడుపులో ఉండే గుడ్ల సంచినే మేం జన అంటాం. మేడం ఎంత వివరంగా చెప్పినా మావాళ్లు నమ్మేది ఇంటిమనిషి నోటిమాటనే. ఈసారి వంతు మా ఇంటికొచ్చింది. అత్తయ్యకు చూపు ఆనదు కాబట్టి నన్ను పంపారు. ఏడో తరగతిలో బడి మానేసినదాన్ని, నలుగురిలో నిలబడి మాట్లాడటమంటేనే నాకు భయం.

పరీక్ష వల చిరిగేంత నిండుగా వచ్చిందని వినగానే మా ఆయన తను కూలికెళ్లే ఐసు ఫ్యాక్టరీ నుంచి పరుగున వచ్చి, బోర్లించి ఉన్న పడవను తిప్పి, నీలం రంగు వేయడం మొదలుపెట్టాడు. చెవి మీద కూడా రంగే.

"బాగా చూసి చెప్పవే," అన్నాడు.

"చూసిందేగా చెప్తాను."

"అదే, బాగా చూడు. మనసుపెట్టి వెతికితే దొరక్కపోదు."

"జనా, నీ చెప్పులా, మంచం కింద వెతకడానికి?" అన్నాను. చంకలో ఉన్న మా పాప ఎందుకో నవ్వింది. ఆయనా నవ్వాడు. ఆ నవ్వే ఇప్పుడు నన్ను తినేస్తోంది.

కోత షెడ్డులో నేలంతా తడి. పాపను చేపల ట్రేలో తువ్వాలు పరిచి కూర్చోబెట్టాను. మేడం చేప పొట్ట చీల్చింది. ఖాళీ. ఇంకోటి, ఖాళీ. అన్నీ ఒకే పొడవు, ఒకే తరగతి పిల్లల్లా వరసగా పడుకున్నాయి.

"ఇంకోటి కొయ్యండి మేడం."

"ఎన్ని కోసినా ఇంతేనమ్మా. ఇవి ఇంకా పిల్లలు."

"ఒక్కటి. ఇదిగో, ఇది లావుగా ఉంది."

అది తిన్న తిండితో లావుగా ఉంది. తర్వాత ఒకదాంట్లో మాత్రం దారప్పోగంత జన కనిపించింది. నాకు ప్రాణం లేచొచ్చింది. మేడం నా మొహం చూసి, "మొదలైంది కానీ, ఇది గుడ్లు పెట్టాలంటే ఇంకో ఏడు పడుతుంది," అంది మెల్లగా. తలూపాను. ఆ పోగును వేలిమీద పెట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాను.

సంఘం గదిలో కుర్చీలు చాలక జనం కిటికీల్లో కూర్చున్నారు. మా ఆయన తలుపు దగ్గర, రంగు చేతులతోనే. పాపను చంకనెత్తుకుని లేచాను.

"ఒకదాంట్లో దారంలా మొదలైంది," అన్నాను.

గది గదంతా కదిలింది. "మొదలైందంటే వచ్చేసినట్టే!" అని ఎవరో ఈలేశారు. సంఘం పెద్ద చెయ్యెత్తి, "ఉండండయ్యా. అమ్మాయ్, తెరవచ్చా మరి?" అని అడిగాడు.

తెరవొచ్చు అంటే చాలు. తలుపు వైపు చూడకుండా ఉండాల్సింది, చూశాను. ఆయన నాకేసి చిన్నగా తలూపాడు.

"వద్దు. మిగతావన్నీ పిల్లలే. ఇప్పుడు పడితే మళ్లీ పోయినసారిలాగే అవుతుంది."

"అబ్బో, చేపలకు పురుడు పోసే మంత్రసాని దొరికింది మనకి!" అని కిటికీలోంచి ఒకడు అరిచాడు. నవ్వులు. మూసే ఉంచాలని తేల్చేసరికి తలుపు దగ్గర ఎవరూ లేరు.

ఇంటికెళితే మా ఆయన సంచి సర్దుకుంటున్నాడు. అరిచినా బాగుండేది.

"తప్పు చెప్పానా?" అన్నాను.

"తప్పని ఎవరన్నారు?" పాప వేళ్లు విడదీసి తన వేలు మధ్యలో పెట్టాడు. "ఇంకో ఏడు ఐసు మొయ్యడం నా వల్ల కాదే. నడుము విరిగిపోతోంది. ఓడ మీదైతే వేటే కదా."

"మరి మేము?"

"మీకేం, నిజం చెప్పేవాళ్లు." అన్నాక తనే నొచ్చుకున్నట్టు మొహం తిప్పుకున్నాడు.

ఆయన వెళ్లాక అత్తయ్య గుమ్మంలో కూర్చుని, "మొగుణ్ణి ఓడెక్కించిన మహాతల్లివమ్మా," అంది. మళ్లీ తనే పళ్లెంలో నాకు అన్నం పెట్టి తినమంది. తినలేకపోయాను.

ఫోను చేస్తే ఎత్తడు. ఐసు ఫ్యాక్టరీలో ఆయనతో పనిచేసిన అబ్బాయి పెద్ద రేవుకు వెళ్లొచ్చి, ఓడ ఇంకా బయల్దేరలేదని, మా ఆయన గోదాముల వెనక అరుగు మీద కూర్చుని దగ్గుతున్నాడని చెప్పాడు. పాపకు జ్వరం, అత్తయ్యకు చూపు ఆనదు, నేను కదల్లేను. కదిలి వెళ్లినా ఏం చెప్పాలి? నేనన్న మాట మళ్లీ అడిగితే మళ్లీ అదే అంటాను.

ఇది చదివేవాళ్లలో ఎవరైనా ఓడలు ఆగే పెద్ద రేవుకు దగ్గరగా ఉంటే, గోదాముల వెనక ఒకసారి చూడండి. పొడుగు మనిషి. ఐసుదిమ్మ పడి ఎడమ బొటనవేలి గోరు నల్లబడి ఉంటుంది. అన్నం తిన్నాడో లేదో, దగ్గు తగ్గిందో లేదో అడగండి. నేను అడగమన్నానని మాత్రం చెప్పొద్దు.