ఆమేన్ అనకూడని పాట

భూటాన్ పార్లమెంటు సభ్యులు కొందరు మన శాసనసభ చూడడానికి వస్తున్నారని, మర్నాడు మా చిలకలగూడ బడికి కూడా వస్తారని ప్రిసిల్లా చెప్పినప్పుడు నేను పప్పుకు తాలింపు పెడుతున్నాను. పిల్లల చేత వాళ్ళ జాతీయ గీతం పాడించే పని మా అమ్మాయికే అప్పగించారట. సంతోషించాలో భయపడాలో తెలియని కబురు ఏది వచ్చినా నేను ముందు భయపడతాను. సంతోషం ఎక్కడికీ పోదు, తరువాతైనా పడవచ్చు.

"వాళ్ళ భాష నీకేం వచ్చని?" అన్నాను.

"రికార్డు పంపించారమ్మా. తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను. పలుకు సరిగ్గా లేకపోతే ఫోన్లో విని సరిచేస్తామన్నారు."

"దేశం పాట తప్పు పాడితే సరిచేస్తారా, కేసు పెడతారా?"

మంచం మీద పేపరు చదువుతున్న మా ఆయన జకర్యా తల ఎత్తలేదు. "యుద్ధం కూడా రావచ్చు. ఓ బస్తా బియ్యం ఎక్కువ తెచ్చుకుందాం" అన్నారు. ఆయన రైల్వే గార్డుగా చేసి రిటైరైన మనిషి. బండికి ఆఖరి పెట్టెలో కూర్చుని ఉద్యోగమంతా గడిపినందువల్లనేమో, ముందు ఏం వస్తోందోనన్న ఆత్రం ఆయనకు లేదు. ఆ ఆత్రమంతా ఇంట్లో నా వంతుకే వచ్చింది.

ప్రిసిల్లా ఆ బడిలో సంగీతం టీచరు. చేరి చాలా ఏళ్ళయినా ఇంకా టెంపరరీయే. ప్రతి జూన్‌లోనూ ఉంచుతారో పంపిస్తారోనని వేసవి సెలవులంతా నాకు నిద్ర ఉండదు. ఈసారి బడి కరస్పాండెంటు డేవిడ్ రాజు గారు తనంతట తానే పిలిచి, ఈ కార్యక్రమం సవ్యంగా జరిగితే పర్మనెంటు సంగతి కమిటీలో పెడతానని మాట ఇచ్చారు. జరగకపోతే ఏమిటన్నది ఆయన చెప్పలేదు. ఆయన చెప్పనిదంతా నేను ఊహించుకున్నాను.

అన్నానికి కూర్చుని రెండు ముద్దలు తిన్నాక నాకు ఒక విషయం తట్టింది. చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"ప్రిసిల్లా, ఆమేన్ అనేస్తారేమోనే."

అది నేను పెట్టిన అలవాటే. నేను చదివింది ఏడో తరగతి వరకే అయినా, బడి ఆవరణలోనే ఉన్న మా చర్చిలో సండేస్కూలు ఎప్పటినుంచో నేనే నడుపుతున్నాను. ప్రిసిల్లా పాటల బృందంలో చాలామంది నా సండేస్కూలు పిల్లలే. పాట ఏదైనా చివర "ఆ...మేన్" అని రాగం తీసి ముగించాలని, ఆమేన్ లేని పాట గొళ్ళెం పెట్టని తలుపులాంటిదని, సైతాను సందు చూసుకుని దూరిపోతాడని పిల్లలకు ఊహ తెలిసిన నాటినుంచీ నూరిపోశాను. ఆఖరి చరణం అవగానే వాళ్ళు నా వైపు చూస్తారు. నేను గడ్డం కొంచెం కిందికి దించుతాను. అంతే, పెద్దపిల్లలు పైస్థాయిలో, చిన్నపిల్లలు కింది స్థాయిలో అందుకుంటారు. పుట్టినరోజు పాటకు కూడా ఆమేన్ తగిలించే పిల్లలు వాళ్ళు.

"అనరులే అమ్మా. వేరే దేశం పాట కదా" అంది ప్రిసిల్లా. అంది గానీ, తనూ తినడం ఆపింది.

రెండు రోజుల తరువాత టిఫిను ఇచ్చే నెపంతో బడికి వెళ్ళాను. హాల్లో ప్రాక్టీసు జరుగుతోంది. అర్థం తెలియకపోయినా ఆ పాట విని నా ఒళ్ళు గగుర్పొడిచింది. నెమ్మదిగా, బరువుగా, కొండ ఎక్కుతున్న మనుషుల్లా ఉన్నాయి ఆ మాటలు. పాట అయిపోయింది. పిల్లలు గుమ్మంలో నన్ను చూశారు. నేను గడ్డం దించానో లేదో నాకు తెలియదు. "ఆ...మేన్" అని హాలు మోగిపోయింది.

ప్రిసిల్లా కీబోర్డు మీద నుదురు ఆనించింది. ఏర్పాట్లు చూసుకోవడానికి సర్కారు తరఫున వచ్చిన వేణుమాధవ్ అనే ఆఫీసరు కుర్చీలోంచి లేచాడు.

"ఏందమ్మా గిది? ఆళ్ళ పాటల గిది సుత ఉందా?"

"లేదు సార్. పిల్లల అలవాటు."

"అలవాటంటే ఎట్లమ్మా? ఆళ్ళు బుద్ధుణ్ణి మొక్కెటోళ్ళు. ఆళ్ళ జాతీయ గీతానికి మనం తోక కడితే ఎట్లుంటది, జెర సోంచాయించుండ్రి. నా నౌకరీకే తక్లీఫ్ అయితది."

"మనకు స్నేహితులే కదా సార్" అన్నాను నేను గుమ్మంలోంచి.

ఆయన నా వైపు తిరిగాడు. "దోస్తులు కాబట్టే పరేషాన్ అమ్మా. దుష్మన్‌గాడు ఎట్లయినా తిడతడు, ఆనికి భయపడేదేముంది? దోస్తు మనసుల పెట్టుకుంటడు, బయటికి అనడు. అండ్ల ఆళ్ళది చిన్న దేశం. పెద్దోని ఇంటికి వచ్చిన చిన్నోడు అన్నీ చూస్తుంటడు."

ఆ మాట నాలో గుచ్చుకుంది. దారంతా అదే తలచుకుంటూ నడిచాను.

సాయంత్రం ప్రిసిల్లా చెప్పులు విప్పుతూనే, "నేర్పింది నువ్వే, మాన్పించేదీ నువ్వే. రేపటినుంచి ప్రాక్టీసుకు రా" అంది.

"వేరే టీచరుకు అప్పగించేయమని అడగరాదూ? ఏదైనా అయితే వాళ్ళ మీదకే పోతుంది."

"పర్మనెంటు కూడా వాళ్ళకే పోతుందమ్మా."

మర్నాటినుంచీ రోజూ వెళ్ళాను. పాట చివరి మాట అవగానే పెదవులు బిగించి, చేతులు పక్కన పెట్టుకుని, గోడ మీది గడియారం చూడమని చెప్పాను. మొదట కొందరు మరిచిపోయి సగంలో మింగారు. ఎక్కిళ్ళు వచ్చినట్టుగా "ఆ" అని ఆగిపోయేవారు. తరువాత తరువాత అదీ పోయింది.

ఆరో తరగతి చదివే క్యారల్ అనే పిల్ల మాత్రం చెయ్యి ఎత్తింది. "ఆంటీ, ఆమేన్ చెప్పకపోతే సైతాను దూరుతాడన్నారు కదా. మరి వాళ్ళ దేశంలోకి దూరడా?"

పిల్లలందరూ నా జవాబు కోసం చూశారు. "వాళ్ళ ఆమేన్ వాళ్ళు ఇంటికి వెళ్ళి చెప్పుకుంటారులే" అన్నాను. ఆ పిల్ల సరేనంది గానీ నమ్మినట్టు లేదు. నాకే నమ్మకం లేదు. ఆ రోజు ప్రార్థన చేసుకుంటూ, నీకు చెప్పాల్సిన మాటను మింగడం పిల్లలకు నేర్పుతున్నాను తండ్రీ, మన్నించు అనుకున్నాను. ఆ ప్రార్థన చివర ఆమేన్ అనాలో వద్దో తెలియక కాసేపు అలాగే కూర్చున్నాను.

అతిథులు వచ్చిన రోజు ప్రిసిల్లా నన్ను ముందు వరుసలో ఓ పక్కగా కూర్చోబెట్టింది. "పిల్లలకు నువ్వు కనబడాలి. నీ గడ్డం కదిలిందో, అందరం అయిపోయాం" అంది చెవిలో.

వాళ్ళు లోపలికి వచ్చారు. మగవాళ్ళకు మోకాళ్ళ దాకా గళ్ళ అంగీలు, పొడుగు మేజోళ్ళు, భుజాన నీలం కండువాలు. వాళ్ళకు పెద్దగా వచ్చింది ఒక ఆడమనిషి. నా ఈడుదే ఉంటుంది. పిల్లల వైపు వంగి వంగి నమస్కారాలు పెడుతుంటే, ఇంత మర్యాద తెలిసిన మనిషి దగ్గర తప్పు జరిగితే మరీ ఘోరమని నాకు చెమట పట్టింది.

అతిథుల గీతం ముందు, మనది తరువాత. అందరం నిలబడ్డాం. పిల్లలు మొదలుపెట్టారు. ఆ ఆడమనిషి పెదవులు వాళ్ళతో పాటు కదిలాయి. ఒక చోట కళ్ళు మూసుకుంది. చివరి మాట వచ్చింది. పిల్లల చూపులన్నీ నా మీద వాలాయి. మెడ పట్టేసిన దానిలా గడ్డం పైకెత్తి నిలబడ్డాను. పంకాల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. ఒక్క పెదవి విచ్చుకోలేదు.

వేణుమాధవ్ జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. డేవిడ్ రాజు గారు ప్రిసిల్లా వైపు చూసి తల పంకించారు. జూన్ గండం గడిచిందనుకున్నాను.

తరువాత మన గీతం. దానికి ఎవరు భయపడతారు? చిన్నప్పటినుంచీ పాడుతున్నదే. దాని చివర ఏం చేయాలో, ఏం చేయకూడదో పిల్లలకు ఎవరమూ చెప్పలేదు. నేనూ హాయిగా గొంతు కలిపాను. పాట ముగిసింది. అంతసేపు బిగబట్టిన నా మెడ దానంతటదే సడలి గడ్డం కిందికి దిగింది.

"ఆ...మేన్."

ఇన్నాళ్ళూ మింగినదంతా కలిపి పాడారు పిల్లలు. అంత చక్కగా నా సండేస్కూల్లో కూడా ఎప్పుడూ పాడలేదు.

అది మన గీతంలో భాగమే అనుకున్నారేమో, అతిథులు కదలకుండా, చేతులు పక్కన పెట్టుకుని, రాగం పూర్తిగా ఆగేదాకా నిలబడే ఉన్నారు. మన వాళ్ళ ముఖాల్లో మాత్రం రక్తం లేదు. మన గీతాన్నే పాడు చేశాం, దీనికి చట్టాలుంటాయి, పోలీసులు ముందు టీచరునే పట్టుకుంటారు అని నా మనసు అప్పుడే ఠాణా దాకా వెళ్ళిపోయింది. డేవిడ్ రాజు గారు ప్రిసిల్లాకు చెయ్యి అడ్డంగా ఊపారు. పోనీ, ఊరుకో, వాళ్ళకు తెలియలేదు అని దాని అర్థం.

ప్రిసిల్లా ఆ చెయ్యి చూసింది. చూసి కూడా మైకు దగ్గరికి నడిచింది. కరెంటు పోతే బాగుండునని దేవుణ్ణి అడిగాను.

"మేడమ్, చివరి మాట మా జాతీయ గీతంలో లేదు" అని హిందీలో చెప్పింది. "ఈ పిల్లలు ఏ పాట పాడినా చివర ఆ మాట అంటారు. అలాగే జరుగుగాక అని అర్థం. ఇవాళ పొరపాటున వచ్చింది. మా గీతం ఇలా ఉంటుందని మీరు అనుకోకూడదని చెబుతున్నాను."

ఆ ఆడమనిషి నవ్వింది. హిందీ సినిమాలు చూసి నేర్చుకున్నానని లోపలికి వస్తూనే చెప్పింది, ఆవిడ హిందీ తేటగా ఉంది. "మంచి మాట. మీ దేశానికి కోరారు. మరి మా పాటకు ఎందుకు కోరలేదు?"

పెదవుల మీద నవ్వు ఉంది గానీ కళ్ళు నిజంగానే అడిగాయి. వేణుమాధవ్ సగం లేచి "యాక్చువల్లీ మేడమ్..." అని, తరువాత ఏమనాలో తోచక నిలబడ్డాడు. నాకు మా అమ్మ మాట గుర్తుకొచ్చింది: పంక్తిలో వలపక్షం చూపిస్తే పెట్టిన అన్నం కూడా అరగదని. పక్కపక్కన కూర్చున్న ఇద్దరిలో ఒక విస్తట్లోనే నెయ్యి వేసినట్టయింది. అది మర్యాద అనుకునే చేశాం.

ప్రిసిల్లా వేణుమాధవ్‌ను చూడలేదు. కరస్పాండెంటును చూడలేదు. నన్ను చూసింది.

ఎలా లేచానో చెప్పలేను. నాకు వచ్చింది సికింద్రాబాదు బజారు హిందీ ఒక్కటే. "మేడమ్, బచ్చోంకా గల్తీ నై. టీచర్‌కా బీ నై. మైఁచ్ మనా కరీ. ఆప్‌కూ బురా లగ్తా బోల్‌కే డర్ గయీ" అన్నాను. పిల్లలది కాదు, టీచరుది కాదు, వద్దన్నది నేనే, మీకు కోపం వస్తుందని భయపడ్డాను అని.

ఆవిడ నా దగ్గరికి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. చెయ్యి వెచ్చగా ఉంది. "మేమూ అంతేనమ్మా" అంది. "ఇండియాలో ఏం అనకూడదో ఇంటి దగ్గర నేర్చుకునే బయల్దేరాం. విమానంలో కూడా అదే వల్లించుకుంటూ వచ్చాం. అందుకే నిన్నటినుంచి ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు."

ఆమె వెనక నిలబడ్డ నీలం కండువా ముసలాయన చిన్నగా దగ్గాడు. అది నవ్వేనని తరువాత తెలిసింది.

"ఇప్పుడు పాడతారా, మాకు?" అని అడిగింది.

అనుమతి ఇవ్వవలసిన వాళ్ళు ఎవరూ ఇవ్వలేదు. డేవిడ్ రాజు గారు వేణుమాధవ్‌ను చూశారు. వేణుమాధవ్ మోగని ఫోను చెవికి ఆనించుకుని కిటికీ వైపు తిరిగాడు. ప్రిసిల్లా చెయ్యి ఎత్తింది. పిల్లలు నా వైపు చూశారు. ఈసారి తెలిసే గడ్డం దించాను.

అది ఏ దేశానికీ గీతం కాదు, ఒక్క మాట. అయినా అతిథులు లేచి నిలబడి విన్నారు.

వాళ్ళ కార్లు గేటు దాటాక డేవిడ్ రాజు గారు ప్రిసిల్లాను పిలిచారు. నేనూ వెంట వెళ్ళాను.

"నేను చెయ్యి ఊపడం చూడలేదా అమ్మా?"

"చూశానండి."

"చూసి కూడా వెళ్ళావు."

"ఊరుకుంటే వాళ్ళు మన గీతాన్ని తప్పుగా తెలుసుకుని వెళ్ళేవాళ్ళండి."

ఆయన బల్ల మీది పేపరువెయిటు తిప్పారు. మంచి మనిషే, కానీ ఆయన పైన కూడా మనుషులున్నారు. "గీతం విషయమై అప్పుడే ఒకరు ఫోను చేశారు. ఈ ఏడాది కమిటీలో పెట్టలేను. జూన్‌లో మామూలుగానే వచ్చి చేరు. పై ఏడు చూద్దాం" అన్నారు.

ఇద్దరం నడిచి ఇంటికి బయల్దేరాం. రైల్వే క్వార్టర్ల గోడ పక్కన నీడ పట్టుకుని పోతున్నాం. నేను ఊహించిన ఠాణా రాలేదు, ఉద్యోగం పోలేదు. రావలసింది కూడా రాలేదు.

"నువ్వు ఊరుకునుంటే పర్మనెంటయ్యేదే" అన్నాను.

"ఊరుకునుంటే ఆవిడ అడిగేది కాదు. తన భయం కూడా మనసులోనే పెట్టుకుని వెళ్ళిపోయేది." కాస్త ఆగి అడిగింది, "లేచినప్పుడు భయం వెయ్యలేదా అమ్మా?"

ఆలోచించాను. "లేదే. అప్పటికే జరిగిపోయింది కదా. నా భయమంతా జరగబోయేదానికే."

తను నవ్వలేదు. కొంగు సర్దుకున్నట్టు చేసి కళ్ళు తుడుచుకుంది. ఏడుస్తోందని తెలిసినా నేను చూడనట్టే నడిచాను. కొంత దూరం పోయాక నాకే అనిపించింది, చూడనట్టు ఉండడం కూడా మర్యాద అనుకునే చేస్తున్నానని. ఆగి, చెయ్యి పట్టుకుని, "ఏడవాలనుంటే ఏడువు. జరిగింది మీ నాన్నకు నేను చెబుతాలే" అన్నాను.