మూడో బోల్టు

చైనాలోని షాన్‌డాంగ్‌లో మొక్కజొన్న పొలాల మధ్య ఉన్న ఆ కర్మాగారంలో గింజలు ఒలిచిన బెండ్లను ఉడికించి నూనె తీస్తారు. నికెల్ పొడి సాయంతో ఆ నూనెకు హైడ్రోజన్ పట్టిస్తే, పెట్రోలియంతో పనిలేని ప్లాస్టిక్‌కు ముడిసరుకు తయారవుతుంది. పదకొండేళ్లుగా రియాక్టర్ దగ్గరే పనిచేస్తున్న లువాన్ గుయిఫెన్‌కు ఆ పొడంటే భయం. వాడిన నికెల్ ఫిల్టరులో చేరి, తడిగా ఉన్నంతసేపు బురదలా పడి ఉంటుంది. ఆరి గాలి తగిలిందంటే దానంతటదే భగ్గుమంటుంది.

ఆ ఉదయం కొనుగోలుదారులు వస్తున్నారని మేనేజర్ తోంగ్ దెబియావ్ ఉరుకుల మీద మెట్లెక్కి వచ్చాడు.

"ఫిల్టరు ఇంకా విప్పలేదేం?"

"లోపల హైడ్రోజన్ ఉంది సార్. నైట్రోజన్ పంపి ఇంకో గంట దాన్ని బయటికి తోలాలి," అన్నాడు ముసలి ఆపరేటర్ చి యోంగ్‌షున్.

"గంటా? నువ్వు టీ తాగడానికా? విప్పు!"

"నేను విప్పను. ఉద్యోగం పీకేస్తే పీకెయ్యండి."

తోంగ్ ఆయన చేతిలోని ఇత్తడి స్పానరు లాక్కుని ముసలాయన దవడ మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు గుయిఫెన్‌కు వినిపించింది. అడ్డుపడబోతే ఆమెనూ రెయిలింగు మీదికి తోసేశాడు.

"బాబాయ్, కిందికి పో! పో!" అని ఆమె అరిచింది. ఆయన నోరు పట్టుకుని, నెత్తురు కార్చుకుంటూ దిగిపోయాడు.

"పిరికి సన్నాసులు! చూడు, ఎలా విప్పుతారో," అంటూ తోంగ్ బోల్టుల మీద పడ్డాడు. గుయిఫెన్ హైడ్రోజన్ వాల్వు వైపు పరుగెత్తింది. ఆమె చక్రం తిప్పుతుండగానే మూడో బోల్టు ఊడింది. మూత పక్కకు ఒరిగి, లోపలి పొడికి గాలి తగిలింది. మంట అతని మోచేతుల దాకా పాకింది.

కాలిపోనీ వీణ్ణి, అనుకుంది ఒక్క క్షణం. ఆ వెంటనే వెళ్లి అతని బెల్టు పట్టి ఈడ్చింది. తోంగ్ పిచ్చిగా కేకలు పెడుతూ రెయిలింగును వదల్లేదు. బూటుతో అతని చేతిని రెండుసార్లు తన్నింది. అప్పుడు వదిలి, కాలుతున్న చేతులతో ఆమె కుడిచేతినే పట్టుకున్నాడు. ఇద్దరూ మెట్ల మీద దొర్లుకుంటూ కింద పడ్డాక, పేలుడుకు పైకప్పు రేకులు లేచిపోయాయి.

మూడో రోజు తోంగ్ తమ్ముడు ఆసుపత్రికి వచ్చి, గుయిఫెన్ కట్టుకట్టిన కుడిచేతిని పట్టుకుని పిండాడు.

"ఫిల్టరు విప్పింది ముసలాడే అని చెప్పు."

"నీ అన్నని లాక్కొచ్చిన చెయ్యిరా అది! ఇంకా నొక్కు!" అంటూ ఎడమచేత్తో వేడినీళ్ల ఫ్లాస్కు అందుకుని అతని ముఖాన బద్దలు కొట్టింది. నర్సులు పరుగున వచ్చేసరికి వాడు కళ్లు పట్టుకుని నేల మీద పొర్లుతున్నాడు.

మధ్యాహ్నం వచ్చిన విచారణాధికారికి జరిగిందంతా వరసగా చెప్పింది. సంతకం చేయబోతే మాత్రం కలం కట్టుకట్టిన వేళ్లలో నిలవలేదు. ఎడమ బొటనవేలు ఎర్రసిరాలో ముంచి, కాగితం మీద గట్టిగా ఒత్తింది.

ఆ కాగితం సాక్ష్యంతోనే తోంగ్ జైలుకు వెళ్లాడు.